కింద లారీ, పైన పాలు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను చేసి, ఇక్కడే సింగపూరులో, యూ టీ పేటలో తాను కొనుక్కున్న ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయనీ, వచ్చే శుక్రవారం పాలు పొంగిస్తామనీ చెప్పింది. సంతోషంతో అటక మీది ఇత్తడి గిన్నె దింపించి, చింతపండు పెట్టి తోముదామని కొంగు దోపుకున్నానో లేదో, "అమ్మమ్మా, పాలు తాతయ్యే పొంగించాలి, ఆయన చెయ్యి లక్కీ అని అందరూ అంటారు లా! నువ్వు కాసేపు కింద లారీ దగ్గర నిలబడు, సామాన్లు ఎవరైనా చూడాలి కదా" అంది, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. డెబ్బై దాటినదాన్ని, మునిమనవల్ని ఎత్తుకోవలసిన వయసు, అయినా ఆ గిన్నెని తోమకుండానే పక్కకి తోసేశాను. పక్కగదిలో మా ఆయన మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. ఆ కూనిరాగం నాకు కొత్తది కాదు. మాకు సొంత లారీ ఉన్న రోజుల్లో, పైనుంచి లిఫ్టు దిగి వచ్చేటప్పుడు అచ్చం అదే తీసేవారు.

నాది శ్రీకాకుళం వైపు పల్లె. నాలుగో తరగతితో బడి మానిపించారు. మా ఆయన మాత్రం సింగపూరులోనే పుట్టారు. మా మావగారు తెల్లవాళ్ళ కాలంలో ఓడల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెళ్ళయి నేను ఇక్కడి టోవా పాయో పేటలో దిగినప్పుడు మా ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం మలాయీ, కాస్త అరవం. ఆయన రేడియో సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోరు చూసేవారు. పిల్లలు పెళ్ళికెదిగే వేళకి ఆ ఫ్యాక్టరీ సముద్రం దాటి పక్కదేశానికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఆఖరున ఇచ్చిన డబ్బుతో ఆయన కారు కొందామన్నారు, నేను పాత లారీ కొందామన్నాను, నా మాటే నెగ్గింది. కారు తింటుంది, లారీ పెడుతుంది, అంతే కదా!

లారీ అయితే కొన్నాం గానీ, తోలేదెవరు? ఇద్దరం లైసెన్సు పరీక్షకి కట్టాం. ప్రశ్నల పుస్తకం ఆయన చదివి వినిపిస్తుంటే నేను కూరలు తరుగుతూ ఆయన యాసతో సహా కంఠతా పట్టేశాను. తోలే పరీక్షలో ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదపమంటారు. అక్కడ పక్కన కూర్చున్న ఆఫీసరు మొహం చూడగానే మా ఆయన కంగారుగా బ్రేకు వదిలేసేవారు, బండి వెనక్కి జారిపోయేది. వెళ్ళిన ప్రతిసారీ జారింది. నాకు మాత్రం జారలేదు. ఊళ్ళో నిండుబిందె చంకనెత్తుకుని గట్టు ఎక్కినదాన్ని, ఆ ఎత్తు నాకో లెక్కా? అలా నేను డ్రైవరునయ్యాను, ఆయన మోసే మనిషయ్యారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పైన ఆయన పాత చొక్కా తొడుక్కుని స్టీరింగు దగ్గర కూర్చుంటే సిగ్నల్ల దగ్గర బస్సుల్లోని జనం తొంగి చూసేవారు. తాళ్ళు, గోనెపట్టాలు కొనే కొట్టు చీనా ముసలాయన నన్ను 'తౌకే' అని పిలిచేవాడు, అంటే యజమాని అని; మా ఆయన్ని మాత్రం 'అటెండెంట్' అనేవాడు. అందరూ నవ్వేవారు. మా ఆయనా నవ్వేవారు.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్లవాళ్ళు వచ్చిపడ్డారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా గోల పెడుతున్న రోజులు. మన వైపు పిల్లలు, మీసం సరిగా రానివాళ్ళు, మెళ్ళో కార్డులు వేలాడేసుకుని సైన్స్ పార్క్‌లోకి గుంపులుగుంపులుగా పోయేవారు. వాళ్ళు ఒకచోట స్థిరంగా ఉండేవారు కాదు. కాంట్రాక్టు మారితే ఇల్లు మారేవారు, పెళ్ళాం ఊరినుంచి వస్తే మారేవారు, ఇంటాయన అద్దె పెంచితే మారేవారు. తెలుగు లారీ అంకుల్ ఉన్నాడట అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని మమ్మల్నే పిలిచేవారు. అట్టపెట్టెలు నేను మాత్రం ఊరికే ఇచ్చేదాన్ని కాదు. సామాను దించాక విప్పి, మడిచి, తిరిగి ఇచ్చెయ్యాలి. తాడు ముక్కయినా సరే.

ఇక్కడి రూలు మీకు తెలుసు, ఫ్లాట్ల కింద సామాను దించే చోట బండిలో మనిషి లేకపోతే వెంటనే సమను, అదే జరిమానా చీటీ, అంటించి పోతారు. అంచేత నేను సీటు వదలడానికి వీల్లేదు. ఆయన మూటలెత్తుకుని పైకి వెళ్తారు, నేను కింద స్తంభాలు చూస్తూ కూర్చుంటాను. ఎన్ని ఇళ్ళు మార్పించామో, ఒక్క ఇంటి గుమ్మం నేను చూడలేదు. ఆయన దిగి వచ్చి, వాళ్ళ వంటింట్లో గాలి బాగా వస్తుందనో, ఆ పిల్ల పరదాలు నెమలికంఠం రంగువి కొన్నదనో చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. తోలేది నేను, ఊరేగేది ఆయనా! పైన కాఫీలు, బిస్కట్లు, కూర్చోండంకుల్ అనే మర్యాదలు. నాకు కింద సీసాలో తెచ్చుకున్న మజ్జిగ.

కొన్ని రోజులైతే మరీ ఆలస్యంగా దిగేవారు. ఆ రోజుల్లో నేను కట్టుకొచ్చిన పెరుగన్నం ముట్టేవారు కాదు, ఆకలి లేదనేవారు. హాకర్ సెంటరు తిండికి డబ్బు దండగెందుకని తెల్లారగట్లే లేచి కలిపిన అన్నం సాయంత్రానికి పులిసిపోతే నేనే తినేదాన్ని. ఒకనాడు బట్టలుతుకుతుంటే ఆయన జేబురుమాలు మీద ఎర్రటి మరక కనిపించింది. కుంకుమ. నీళ్ళలో వేస్తే గిన్నెంతా ఎర్రబడింది. ఇంకోసారి ఇంకో రుమాలుకి. గుడికి వెళ్ళే మనిషి కాదు, పండగనాడు కూడా బొట్టు పెట్టుకోమంటే విసుక్కునే మనిషి, మరి ఎవరు పెడుతున్నారు ఈ కుంకుమ, ఎందుకు తుడుచుకుని దిగుతున్నారు?

అడగొచ్చు కదా అంటారు. అడిగితే నా పరువేం కాను? దానికి తోడు మా తోడికోడలు ఒకటి. ఆవిడ భర్త టాక్సీ తోలేవారు, ఆవిడ మాత్రం ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునేది. "ఏమే చెల్లీ, తోలే దానివి నువ్వూ, పాలు తాగేవాడు మా మరిదీనట గదా! యూ టీలో ఎవరో పిల్ల మీ ఆయన్ని తెగ మెచ్చుకుంటోందట" అని మూతి తిప్పింది. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

ఆ యూ టీ పిల్లని నేను కింద నుంచే ఎరుగుదును. సైన్స్ పార్క్‌లో పని, బక్కపలచగా, నవ్వితే బుగ్గ సొట్ట పడే పిల్ల. అంతకుముందు అద్దెగదిలోంచి అద్దె ఫ్లాటుకి మార్చాం, ఇప్పుడు మొగుడూ తనూ కలిసి సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. అక్కడికి సామాను చేర్చే రోజు ఉదయం మా ఆయన తలకి నూనె రాసుకుని పాపిడి తీసుకున్నారు. మూటలు మోయడానికి పాపిడెందుకు? గ్యాస్ పొయ్యి, ఒక గిన్నె, దేవుడి పటం మాత్రం ముందు ఎత్తుకుని పైకి పోయారు, ఎంతకీ రాలేదు. మంచాలూ, బీరువా లారీలోనే ఉన్నాయి. నేను కూర్చున్నాను, కూర్చున్నాను, ఇక కూర్చోలేకపోయాను. తాళం తీసి బొడ్లో దోపుకుని దిగిపోయాను. లారీని విడిచిపెట్టి వెళ్ళడం అదే మొదలు.

ఆ బిల్డింగులో లిఫ్టు వాళ్ళ అంతస్తులో ఆగదు, కింది అంతస్తులో దిగి మెట్లెక్కాలి. ఎక్కాను. తలుపు తీసే ఉంది. గుమ్మానికి పసుపు, బయట మా ఆయన చెప్పులు.

లోపల బోడి ఇల్లు, ఒక్క కుర్చీ లేదు. వంటింట్లో పొయ్యి మీద గిన్నె, దాని ముందు చేతులు జోడించుకుని మా ఆయన, నుదుట ఇంతేసి కుంకుమ. వెనకాల ఆ పిల్లా, దాని మొగుడూ, పంతులుగారి ముందు నిలబడినట్టు ఒద్దికగా. మా ఆయన వాళ్ళమ్మ చెప్పే దీవెన మాటలు చెబుతున్నారు, ఇల్లు నిండాలి, వాకిలి నిండాలి, వచ్చినవాళ్ళ కడుపు నిండాలి అని. ఒక్క మలాయీ మాట లేదు. నాతో ఇన్నేళ్ళలో మాట్లాడని తెలుగు. పాలు పొంగి పొయ్యి మీదకి చిమ్మాయి, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. అంతలో నన్ను చూసి, "అయ్యో ఆంటీ, వచ్చారా! మాకిక్కడ పెద్దవాళ్ళెవరూ లేరని, మీ ఇద్దరినీ రమ్మన్నామండీ. మీరు లారీ దిగరనీ, ఇలాంటివి మీకు గిట్టవనీ అంకుల్ చెప్పారు" అంది.

నాకు గిట్టవట! పసుపు కుంకాలతో ఉన్న ముత్తైదువని, పాలు పొంగించవలసినదాన్ని నేను. ఎన్ని ఇళ్ళలో నా పేరు చెప్పి తాను పొంగించారో! ఆయన వంక చూశాను. ఆయన గిన్నె వంక చూశారు.

మెట్లు దిగుతూ అడిగాను, ఏమిటిదీ అని. ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. "కింద అందరూ నిన్నే తౌకే అంటారు. నన్ను అటెండెంట్ అంటారు. పైన ఒక్కచోటే లా, నన్ను పెద్దమనిషి అంటారు. అదీ నీకే కావాలా?" అన్నారు.

కిందికి వచ్చేసరికి లారీ అద్దం మీద సమను అంటించి ఉంది. రబ్బరు బ్యాండు కూడా పారేయని నేను ఆ సమను చదవకుండానే మడిచి బొడ్లో దోపుకున్నాను. ఆయన మంచాలు మోశారు, నేను కూర్చున్నాను.

ఆ తర్వాత నేను మళ్ళీ పైకి వెళ్ళలేదు, ఎవరు పిలిచినా. వెళ్ళలేక కాదు. ఆయన మాత్రం అప్పట్నించీ కుంకుమ తుడుచుకోకుండా దిగేవారు, చేతిలో నాకో గ్లాసు పాలు ఉండేవి, చక్కెర ఎప్పుడూ ఎక్కువే. తాగేదాన్ని. అంత మాత్రాన అసూయ పోయిందనుకోకండి. మేం ఇళ్ళు మార్చినవాళ్ళు బజార్లో కనబడి, అంకుల్ పొంగించిన ఇంట్లోనే మాకు బాబు పుట్టాడని ఆయన కాళ్ళకి మొక్కి, నన్ను చూసి మీరేనా లారీ ఆంటీ అని అడిగేవారు. ఆ ఇళ్ళకి సామానంతా నేను చేర్చాను!

ఇప్పుడు ఇల్లు మారేవాళ్ళు ఫోను నొక్కితే ఎవరో నలుగురు వస్తారు, దించుతారు, పోతారు; వాళ్ళ మొహాలు ఎవరికీ గుర్తుండవు. పాల గిన్నె పక్కన ఫోను ఆనించి పెడితే అందులోంచి ఊళ్ళో అత్తగారు పొంగాయా అమ్మా అని అడుగుతుంది. మంట కనబడని పొయ్యిలు. పరాయి మనిషి చెయ్యి ఎవరికీ అక్కరలేదు. లారీని తుక్కుకింద ఇచ్చేశాం, కళ్ళు మందగించాక లైసెన్సూ వదిలేశాను. నా పని పోయింది, ఆయన చెయ్యి మాత్రం ఇంకా లక్కీగానే ఉంది, చూడండి! అప్పట్లో కింద ఉండడమంటే చేతిలో స్టీరింగు పట్టుకుని ఉండడం. ఇప్పుడు కింద ఉండడమంటే ఉత్తినే కింద ఉండడం.

అందుకని శుక్రవారం నేనూ పైకే వెళ్తాను, మనవరాలితో చెప్పేశాను. పాలు ఆయనే పొంగించుకోనీ. ఈమధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి, నీళ్ళ చెంబు కూడా రెండు చేతులా పట్టుకుంటున్నారు. పక్కనే నిలబడతాను. గిన్నె వణికితే నేను పట్టుకుంటానో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేను.