పిప్పళ్ల తేనె, అన్న చేతి తాడు

కనక నోరంటే ఆ ఊళ్లో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. గూడెం కొండల మీద అప్పట్లో తెల్లదొరల తరఫున శిస్తు వసూలు చేసే ముఠాదారు చెప్పిందే చట్టం. అతని మనుషుల్ని వాకిట్లో నిలబెట్టి కడిగిపారేసిన ఆడది ఆమె ఒక్కతే. అంతటి కనక కూడా అత్త సోములమ్మ ముందు మాత్రం తగ్గి ఉండేది. పెళ్లై వచ్చిన కొత్తలో మందు చెయ్యడం నేర్పింది ఆ ముసలిదే. పిప్పళ్లు దోరగా వేయించి దంచాలి. అడ్డసరం ఆకు నీడన ఎండబెట్టి పొడి చెయ్యాలి. రెండూ కొండతేనెలో కలిపి, సొరకాయ బుర్రలో పోసి, మూతికి మైనం పెట్టి, పొయ్యి పైన అటక మీద వెచ్చగా ఉంచాలి. సోములమ్మకు ఉబ్బసం. చలి మొదలైతే ఊపిరి ఈలలు వేసేది. ఆ తేనె నాకితేనే నాలుగు మాటలు మాట్లాడగలిగేది. వాటిలో రెండు కోడల్ని ఏడిపించడానికే.

ఆ ఏడు చలి ముదరకముందే మందు బుర్ర పోయింది. పట్టుకుపోయింది కనక సొంత అన్న భీముడు. ముఠాదారు దగ్గర బంటుగా ఉండేవాడు. అడవి శాఖ దొర కేంపు దిగిందని ముఠాదారు కోళ్లు, గుడ్లు, తేనె పోగు చెయ్యమన్నాడు. కనక చేనులో ఉన్నప్పుడు వచ్చి, అటక మీది బుర్ర దింపుకుని పోయాడు. కేంపులో వంటవాడు రుచి చూసి, చేదు, కారం అంటూ ఉమ్మేసి, మందంతా డేరా వెనక గుమ్మరించాడు.

మళ్లీ తేనె కావాలంటే కొండ అంచు నుంచి చరియకు పట్టిన తేనెపట్టు దాకా తాడు మీద దిగాలి. మొగుడు దిగితే పైన తాడు పట్టేది పెళ్లాం అన్నో తమ్ముడో. తోబుట్టువు తాళి తెంచడానికి ఎవడూ చెయ్యి వదలడని ఆ ఊరి నమ్మకం. కనకకు తోడబుట్టినవాడు భీముడొక్కడే.

"నీ మందు ఎత్తుకుపోయినోడి సేతిలో నీ కొడుకు పానం పెట్టమంటావా అత్తా? ముఠాదారు కేకేత్తే తాడొగ్గీసి పోడా?"

సోములమ్మ గోడకు చేరగిలబడి ఊపిరి కూడదీసుకుంది. "ఎల్లు... నోరు మూసుకుని... అడుగు."

"నోరు మూసుకుని ఎలాగడుగుతారత్తా?"

నోరు మూసుకోలేదు కూడా. అన్న గుమ్మం ముందు నిలబడి ఊరంతా వినేట్టు అడిగింది. "ఏటన్నియ్యా, నా మందుతోటి దొరగోరు పళ్లు తోముకున్నారా?"

"ముఠాదారు సెప్పినాడే. నానేటి సేసేది?"

"లేదని సెప్పాల. నీకు నోరు లేకపోతే నా నోరు అరువడగకపోయావా?"

పక్కింటివాళ్లు నవ్వారు. భీముడు తలెత్తలేదు. "రేపు వత్తాను. బావని తాడు తెమ్మను."

"నానూ వత్తాను."

"ఆడది అంచుకి రాకూడదే."

"ఇంట్లో దొంగా దూరకూడదు. దూరలేదా?"

మర్నాడు పొద్దున్నే అంచుకు చేరారు. కనక మొగుడు బుధు పొగ పెట్టే ఆకుల కట్ట పట్టుకుని అడ్డతీగ నార తాడు మీద దిగాడు. భీముడు రాతికి కాళ్లు తన్నిపెట్టి, తాడు నడుముకు చుట్టుకుని కూర్చున్నాడు. తాడు కొస తన చేతికి బిగించుకుని కనక వెనకే కూర్చుంది. కింద పొగ లేచి తేనెటీగల రొద మొదలైంది. అప్పుడే ముఠాదారు దగ్గరి ఇంకో బంటు, గాసి అనేవాడు, రొప్పుతూ పైకి వచ్చాడు.

"ఓరి భీముడూ! కేంపు లేచింది. దొర సామాను మొయ్యాలంట. బేగి రా!"

అన్న మెడ అటు తిరిగింది. కనక పక్కనున్న రాయి చేతిలోకి తీసుకుంది. ఎవరి మీద వేద్దామనుకుందో ఆమెకే తెలియదు.

"సేతులు ఖాళీ లేవు. అలాగే ఎల్లి సెప్పు," అన్నాడు భీముడు.

"తోలు తీసీత్తాడురా!"

"మా బావ పైకొచ్చాక తియ్యమను."

బుధు ముఖం వాచిపోయి, సగం బుర్ర తేనెతో పైకి వచ్చాడు. ఆ పూటే కనక పిప్పళ్లు దంచింది. కొన్నాళ్లకు సోములమ్మ ఒక్క ఊపిరిలో, "పిప్పలి తక్కువేసినావే, సోమరిదానా," అంది.

ముఠాదారు మాత్రం ఊరుకోలేదు. భీముణ్ణి పదిమందిలో నిలబెట్టి చింత బరికెతో కొట్టించాడు. ఒళ్లు చిట్లి, నడవలేక నడిచి చెల్లెలి వాకిట్లో బోర్లా పడ్డాడు. కనక విడిగా తీసి ఉంచిన ఒట్టి తేనె తెచ్చి వీపుకు రాయడం మొదలుపెట్టింది. ఆ చేతిలో మెత్తదనం ఏమీ లేదు.

"మండుతున్నాదే! పిప్పళ్ల తేనేటి?"

"నీకు రాయాల్సింది అదే. కదలకు." మళ్లీ రాసింది. "లేదని ఆ దినమే సెప్తే ఈ దెబ్బలు ఆ దినమే తిందువు. మా అత్త ఇన్నాళ్లు ఊపిరాడక ఎగరోసుకునేది కాదు."

"ఇప్పుడు తిన్నాను కదే."

"తిన్నావు. ఆలీసంగా తిన్నావు."

భీముడు ముఖం మట్టిలో దాచుకున్నాడు. చిట్లిన చోటల్లా చూస్తుంటే కనక కోపం అన్నను దాటిపోయింది. లేచి వీధిలోకి వచ్చి, తేనె చేతులతోనే ముఠాదారు ఇంటివైపు తిరిగి, అతని తాత దగ్గర్నుంచి తిట్లు మొదలుపెట్టింది. జనం తలుపుల్లోకి వచ్చారు. ఎవరూ వద్దనలేదు. ఆమె గొంతు బొంగురుపోయి ఆగేసరికి, లోపల్నుంచి సోములమ్మ అందుకుంది. ముసలిదానికి ఊపిరి బాగానే ఆడుతోంది. కనకకు కూడా తెలియని బూతులు చాలాసేపు వినిపించాయి.