బొమ్మ నిలబడిన ఉదయం

జీపు ఇబ్రహీంపట్నం దాటి నన్ను రాళ్ల గుట్టల మధ్య దింపేసరికి ఉదయం ఏడున్నర. దసరాకు ఇంకా మూడు వారాలున్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నా దగ్గర కిట్ బ్యాగు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. మీర్‌పేట్‌లోని మా ఇల్లు అక్కడికి గంట దూరం, సెలవు మాత్రం ఆరు నెలల దాకా లేదు.

అది ఫిరంగుల సాధన కోసం వేసిన తాత్కాలిక శిబిరం. నేను సిగ్నల్స్ హవల్దార్‌ని. నాకు రెండు పనులు: కాల్పులున్న రోజు ఎర్రజెండా ఎగరేయడం, కెమెరా చూసుకోవడం. గుండ్లు పడే చోటొక పల్లం ఉంది, బంకర్ నుంచి కనపడదు. అందుకే దాని ఒడ్డున స్తంభానికి కెమెరా కట్టి, ఆరువందల మీటర్ల కేబుల్‌తో బంకర్‌లోని మానిటర్‌కు కలిపారు. పల్లంలో మనుషులు లేరని మేం చెబితేనే కాల్చాలి.

మానిటర్‌లో బొమ్మ నిలబడలేదు. కింది నుంచి పైకి ఒకటే పరుగు. మా సుబేదార్ సాబ్‌ది నల్గొండ వైపు.

"ఏం హవల్దార్, బొమ్మ ఉరుకుడు బందైతదా, లేదా?"

"రేపు నిలబెడతాను సాబ్."

"నిన్న గూడ గిదే అంటివి."

కెమెరా మార్చాను. కేబుల్ కొసలు కొత్తగా అతికాను. నా పనితనం మీద నాకు గట్టి నమ్మకం. ఈరోజు బాగైపోతుందని రోజూ పొద్దున్నే జెండా ఎగరేసేవాణ్ని, సాయంత్రం దించేవాణ్ని. తొమ్మిది రోజులు ఒక్క గుండూ పేలలేదు.

చివరికి రోగం దొరికింది. వీడియో తీగలో బొమ్మ ఒంటరిగా రాదు, కవాతులో లాంటి ఆజ్ఞలు కూడా వెంట వస్తాయి. బొమ్మలోని ప్రతి గీతకు ముందు సిగ్నల్ ఒక్కసారి కిందికి దిగుతుంది. అది "కొత్త గీత" అని ఆజ్ఞ. సెకనుకు యాభైసార్లు "మళ్లీ పైనుంచి" అని ఇంకో ఆజ్ఞ. పొడవాటి కేబుల్‌లో జనరేటర్ రొద కలిసి, మా పాత మానిటర్‌కు ఆ ఆజ్ఞలు వినపడటం లేదు. ఆజ్ఞలను మాత్రమే ఏరి ఇచ్చే ఎనిమిది కాళ్ల ఐసీ చిప్పు ఒకటుంది. రేషన్ ట్రక్కు డ్రైవర్‌తో కోఠి నుంచి తెప్పించాను.

పదో రోజు కాల్పులు పదింటికి. వాయిదా కుదరదని పైనుంచి ఆజ్ఞ. తొమ్మిది నలభైకి నేనింకా అతుకులు వేస్తున్నాను.

రేడియో పలికింది. "ఫైరింగ్ లైన్ రెడీ. క్లియర్ చెప్పండి."

సుబేదార్ మానిటర్ దగ్గరికి వంగారు. పరుగెత్తే బొమ్మలో తెల్ల చుక్కలు. ఎకరాల భూమి గజాల లెక్కన అమ్ముడుపోతున్న రోజులవి. ప్లాట్ల వాళ్లు మా హద్దు కూడా దాటి పల్లంలో సున్నం కొట్టిన రాళ్లు పాతేశారు.

"గవి రాళ్లే. క్లియర్ చెప్తున్న," అన్నారు.

"పది నిమిషాలివ్వండి సాబ్. చూడకుండా చెప్పొద్దు."

నా మొహంలోకి చూసి మైకు కింద పెట్టారు.

ఐసీకి నాలుగు టార్చి సెల్లులు కలిపాను. కేబుల్‌ను ఒక చిన్న కెపాసిటర్ గుండా దానికిచ్చి, అది ఏరిన ఆజ్ఞలను మానిటర్ వెనక సాకెట్‌లో పెట్టాను. బొమ్మ టక్కున ఆగింది. గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. పన్నెండు రాళ్లు బారుగా నిలబడ్డాయి.

పన్నెండోది నడిచింది.

"ఆపండి! పల్లంలో ఎవరో ఉన్నారు!" మైకులో అరిచాను. సుబేదార్ నుదుటి మీద చెమట తుడుచుకున్నారు.

నేనే వెళ్లి తీసుకొచ్చాను. ముసలామె. తెల్ల యూరియా సంచి నిండా సీతాఫలాలు.

"అవ్వా, ఎర్రజెండా కనపడలేదా?"

"కనవడకేం బిడ్డా. దినాం ఎగురుతది. ఒక్కనాడన్న కాల్సిన్రా? ఉత్తగనే కడ్తున్రని ఊరంత అనుకుంటున్నరు."

బొమ్మ చూడకుండా కాల్చనివ్వలేదని ఇవాళ్టికీ గర్వమే. కానీ ఆమెకు భయం పోగొట్టింది నేను. ఆ రోజు నుంచి కాల్పులు ఖాయమయ్యాకే జెండా కట్టాను. ఆ సంగతి ఊళ్లో చాటింపు వేయించాను.

ఆరు నెలలకు ఇంటికి వచ్చాను. రిటైరయ్యాక శేరిగూడలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో పిల్లల చేత అదే సర్క్యూట్ చేయిస్తుంటాను. ప్రతిసారీ మొదటి ప్రయత్నంలోనే పనిచేస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ పాత బొమ్మే కనపడుతుంది. నేను మైకులో అరిచే ముందు ఆమె నడుం నిటారు చేసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని జెండా వైపు తీరిగ్గా చూసింది. చూసి, ఇంకో కాయ కోసం మళ్లీ వంగింది.