దొరను కొట్టే హక్కు

గంగన్నకు ఎదుటివాడు ఉలిక్కిపడితే కడుపు నిండేది. ఒమన్‌లోని ఇబ్రి లేబర్ క్యాంపులో అతని రూమ్‌లో ఉన్నవాడెవడూ దుప్పటి దులపకుండా పడుకునే ధైర్యం చేయలేదు. బూట్లలో తడి సిమెంటు, చాయ్‌లో ఉప్పు, స్నానానికి వెళ్లినవాడి లుంగీ మాయం. అందరికీ తలా కాస్త పంచినా పెద్ద వాటా చెన్నయ్యదే. ఇద్దరిదీ జగిత్యాల పక్క. చెన్నయ్య వయసులో పెద్ద, మనిషి మెత్తన, గిల్లితే "అబ్బా" అని పద్ధతిగా అరుస్తాడు. ఇంతకంటే మంచి సరుకు గంగన్నకు ఎక్కడ దొరుకుతుంది?

రెండువేల పదిహేనులో, అందరి ఫోన్లలోకీ వాట్సాప్ వచ్చిపడిన రోజుల్లో, రూమ్‌మేట్ రఘుపతి జపాను సమురాయ్‌ల సినిమా ఏదో చూశాడు. ఇంకేముంది, పూనకం వచ్చింది. ప్రతి శుక్రవారం క్యాంపు వెనక కామెడీ సీరియల్ షూటింగ్. నడుముకు లుంగీలు, చేతిలో పీవీసీ పైపు కత్తులు, నెత్తిన కొప్పుకు బదులు ఉండచుట్టిన నల్ల సాక్సు. చెన్నయ్య దొర. గంగన్న ఆయన కత్తివీరుడు. దొర కూర్చుంటే పీట లాగుతాడు, నిద్రపోతే పైపుతో పొడుస్తాడు. వేరేవాడు దొర మీద చెయ్యెత్తితే మాత్రం ఎగిరి దూకి, "మా దొరను కొడితే నేనే కొట్టాలె! ఇంకెవడన్న ముట్టుకుంటే తల తీస్త!" అంటాడు. ఆ వేషానికి గంగన్న నటించాల్సిన పనేమీ పడలేదు.

చెన్నయ్యకు మాత్రం కొన్నాళ్లుగా నవ్వు రావడం లేదు. పరంజా ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. ఫోర్‌మన్ మజహర్‌కు తెలిస్తే అన్‌ఫిట్ అని వీసా క్యాన్సిల్ చేయిస్తాడు. ఊళ్లో కూతురు కవిత చదువు సగంలో ఉంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. గంగన్నకైతే అసలే చెప్పలేదు. తెలిస్తే వాడు రోజూ పట్టుకుని గిరగిరా తిప్పుతాడని భయం.

ఆ శుక్రవారం షూటింగ్‌లో గంగన్న పైపు తిప్పాడో లేదో, దొర దభాలున పడిపోయాడు. కొప్పు ఎగిరి ఇసకలో పడింది. రఘుపతి నవ్వాపుకోలేక ఫోన్ ఊపేస్తూనే తీశాడు, తీసింది తీసినట్టు గ్రూపులో పెట్టేశాడు. ఆ గ్రూపులో మజహర్ కూడా ఉన్నాడన్న సంగతి ఒక్కడికీ గుర్తు లేదు. గంగన్న మాత్రం ఆ రోజు నవ్వలేదు. పైపు తగల్లేదని వాడికి తెలుసు.

తెల్లారి సైట్‌లో మజహర్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "చెన్నయ్యా, పైపు తగల్నే లేదు గదా, ఎట్ల పడ్డవ్? చక్కర్ వస్తుందా నీకు?"

అబద్ధం చెప్పడం చెన్నయ్యకు చిన్నప్పటినుంచీ రాదు.

"తగిలింది భాయ్," అన్నాడు గంగన్న, నీడలో ఇనుప చువ్వలు వంచుతున్నవాడల్లా లేచి వచ్చి.

"తగల్లే. నాకు కండ్లు లేవా?"

"గట్లనా? ఆగు, చూపిస్త." పక్కనున్న పైపు ముక్క అందుకుని చెన్నయ్య మోకాళ్ల వెనక ఫట్‌మని ఒక్కటిచ్చాడు. చెన్నయ్య నిన్నటికంటే అందంగా కూలబడ్డాడు. "చూసినవా భాయ్? నిన్న గూడ గిట్లనే. ఇంకోసారి చూపియ్యాల్నా?"

మజహర్ పైపు లాక్కున్నాడు. "జాలి లేదురా నీకు? పెద్దమనిషి! ఇద్దరూ ఒక్క దగ్గర కనిపించొద్దు. చెన్నయ్య కింద చువ్వలు వంచుతడు. నువ్వు పో పైకి, ఎండల మాడు!"

"అయ్యో, పైకి నేను పోను భాయ్, మస్తు ఎండ ఉన్నది," అని గంగన్న ఏడుపు మొహం పెట్టాడు. ఆ మొహం చూసి మజహర్‌కు శిక్ష మీద మరింత నమ్మకం కుదిరింది.

చెన్నయ్య నీడలో కూర్చుని మోకాలు రుద్దుకుంటూ వాణ్ణి నోరారా తిట్టాడు. తిట్టీ తిట్టీ తలెత్తి చూస్తే, తను రోజూ వణుకుతూ నిలబడే చోట గంగన్న నిలబడి ఉన్నాడు. అప్పుడర్థమైంది. నోట్లో ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది, కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు.

మళ్లీ శుక్రవారం షూటింగ్ లేదు. గంగన్న ఆయన్ను రెక్క పట్టుకుని ఇబ్రి టౌన్లో ఉన్న క్లినిక్‌కు ఈడ్చుకుపోయాడు. అక్కడి నర్సు దెబోరాది నరసాపురం.

"చెవిలో తేడా వల్ల వచ్చే తిరుగుడేనంటండి, మందులకు తగ్గిపోద్దన్నారు డాక్టరు గారు," అంటూ ఆమె సూది సిద్ధం చేసింది. "నయం అయ్యేదాకా ఎత్తులెక్కకండేం."

"ఎక్కడు సిస్టర్, ఎక్కితే కాళ్లిరగ్గొడ్త," అన్నాడు గంగన్న. సూది వంక ఆశగా చూశాడు. "ఇంతకంటె లావుది లేదా?"

ఆమె తెల్లబోయింది. "మీరీయనకేమవుతారండీ?"

"నేనా? పనోన్ని సిస్టర్. ఈయన మా దొర."

చెన్నయ్య ఏదో అనబోయేలోగా సూది దిగింది. ఆయన చెయ్యి గంగన్న పిడికిట్లో ఉంది. సూది కంటే ఆ పట్టే ఎక్కువ నొప్పి పెట్టింది. అయినా వదలమని చెన్నయ్య అనలేదు.