సబ్బు అప్పడాలు, ఎనిమిదడుగుల గొయ్యి

నడుస్తున్న సబ్బుల ఫ్యాక్టరీని మూడు రోజులు ఆపించి, ఫరీదాబాద్ రాతినేలలో ఎనిమిదడుగుల గొయ్యి తవ్వించిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం చెప్పమని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ముందు కుర్చీ చూసుకుని కూర్చుంటాను. తలుచుకుంటేనే అంత నీరసం.

తొంభైల నాటి మాట. కాకినాడలో ఇంజనీరింగ్ ముగించి ఢిల్లీ వచ్చాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మేడ మీద గది, ఫ్యాక్టరీ యంత్రాలకు సర్వో మోటార్లు బిగించే చిన్న కంపెనీలో ఉద్యోగం. మామూలు మోటారు స్విచ్ వేస్తే తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు అలా కాదు, ఎంత తిరగమంటే అంతే తిరిగి టక్కున ఆగుతుంది. చెప్పిన మాట వినే మోటారన్నమాట. చెప్పేవాడికి బుర్ర ఉండాలన్న సంగతి మాత్రం ఏ కేటలాగులోనూ వేయరు.

ఐదు నెలలు గడిచాయి. ఇంకొక్క నెల గడిస్తే పర్మనెంటు. సరిగ్గా అప్పుడే మా బాస్ మూర్తిగారు పిలిచారు.

"ఏమయ్యా ప్రసాదూ, ఫరీదాబాద్ సబ్బుల ఫ్యాక్టరీలో మోటారు బిగించేశారు. నువ్వొక్కడివే వెళ్లి నడిపించి రాగలవా?"

"ఒక్క పూట పని సార్."

"మాన్యువల్ చదివావా?"

"చూశాను సార్."

అబద్ధం కాదు. చూశాను. అట్ట మీద బొమ్మ బాగుంది.

జూన్ ఎండలో రెండు బస్సులు మారి ఫ్యాక్టరీ చేరేసరికి నా చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. అక్కడ సబ్బు పొడుగాటి కడ్డీలా బయటికొస్తుంది. దాన్ని బ్లేడు ముక్కలుగా కోయాలి. ఇరవై ఏళ్లుగా ఆ బ్లేడు లివర్‌ను చేత్తో లాగుతున్న మనిషి రాంపాల్ జీ. మా మోటారు తిరిగిన రోజే ఆయన్ను గోడౌన్‌కి మార్చేస్తారని అందరికీ తెలుసు, ఆయనకు కూడా. అయినా నా మొహం చూసి జాలిపడి పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చాడు. నేను మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, చేసిన మొదటి పని ఆయన లివర్ ఊడదీయించడం.

యజమాని లాలాజీ పూజారిని తీసుకొచ్చారు. మోటారుకు బొట్టు, దండ, కొబ్బరికాయ, అన్నీ అయ్యాయి.

"ముక్క పొడుగెంత ఉండాలి లాలాజీ?"

"డెబ్బై అయిదు మిల్లీమీటర్లు."

కీప్యాడ్ మీద వీణ వాయిస్తున్నవాడిలా వేళ్లాడించి 75 కొట్టాను. పచ్చబటన్ నొక్కాను.

టకటకటకటక! కుట్టుమిషన్‌కి దయ్యం పట్టినట్టు బ్లేడు పైకీ కిందికీ ఆడింది. సబ్బు పల్చటి బిళ్లలై ఎగిరి పూజారి పళ్లెంలో పడింది, లాలాజీ కళ్లజోడుకు అంటుకుంది. నేను కీప్యాడ్‌లో ఆపే మీట ఎక్కడుందా అని వెతుకుతున్నాను. రాంపాల్ జీ పక్కనుంచి చెయ్యి చాచి, నా మోచేతి దగ్గరే ఉన్న ఎర్రబటన్ నొక్కాడు. అది టమాటాపండంత ఉంది.

"బాబూజీ," అన్నాడు మెల్లగా, "యే సాబున్ హై యా పాపడ్?"

సబ్బా, అప్పడమా అని అడుగుతున్నాడు.

అక్కడ 'తెలియదు' అని ఉంటే ఈ కథ లేదు. నేనన్నాను, "నాయిస్."

"క్యా?"

"వైర్లలోకి దొంగ కరెంటు చొరబడి మోటార్ని తికమక పెడుతోంది లాలాజీ. దాన్ని భూమిలోకి పంపేయాల్సిన మీ ఎర్తింగ్ బాగాలేదు. కొత్త గొయ్యి తవ్వాలి."

"పక్కా?"

"హండ్రెడ్ పర్సెంట్!"

అయ్యా, ఆ నేల గడ్డపారకు లొంగేది కాదు. ఇద్దరు కూలీలు తవ్వుతుంటే నిప్పురవ్వలు లేచేవి. నేను తడి జేబురుమాలు నెత్తిన వేసుకుని గట్టున నిలబడి, "ఔర్ గహ్‌రా, ఔర్ గహ్‌రా," అంటూ ఇంకా లోతు, ఇంకా లోతు అని అరిచేవాణ్ణి. రోజూ నాలుగు బస్సులు, వడగాలి, ఒళ్లంతా సబ్బువాసన. మూడోనాటికి రాగిపలక దింపి, ఉప్పు బస్తాలు, బొగ్గు పోసి పూడ్చారు. వైరు కలిపి మళ్లీ పచ్చబటన్ నొక్కాను.

అప్పడాలే.

"రేపు మీ మోటారు మీరు తీసుకెళ్లండి," అన్నారు లాలాజీ. కోపంగా అన్నా బాగుండేది. అలిసిపోయి అన్నారు.

వీధి చివర ఎస్‌టీడీ బూత్ నుంచి మూర్తిగారికి ఫోన్ చేశాను. "నువ్వింకేమీ ముట్టుకోకు," అన్నారు.

మర్నాడు ఆయన వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, సబ్బు బిళ్లల్ని బల్ల మీద వరసగా పేర్చారు. రాంపాల్ జీ స్కేలు అందించాడు. "సబ్ బరాబర్, సాబ్. సాఢే సాత్."

"విన్నావా? అన్నీ ఏడున్నరేనట," అన్నారు మూర్తిగారు. "నాయిస్ అయితే ఒకటి ఆరు వస్తుంది, ఇంకోటి పన్నెండు వస్తుంది. ఇన్ని బిళ్లలూ ఏడున్నరే వచ్చాయంటే, ఈ మోటారు నీ మాట తూచా తప్పకుండా విన్నట్టయ్యా!"

మాన్యువల్ నాలుగో పేజీ తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. పొడుగును మిల్లీమీటర్లో పదోవంతుల్లో ఇవ్వాలట. నేను కొట్టిన 75 అంటే దానికి ఏడున్నర మిల్లీమీటర్లు. మూర్తిగారు పక్కన ఒక్క సున్నా కొట్టారు. సబ్బు సబ్బులా వచ్చింది.

ఆ గోతిలోకి దిగిపోదామనిపించింది. పూడ్చేశాం కదా, ఆ దారి కూడా లేదు.

లాలాజీ ఆ సున్నా వంక చూసి, "రాంపాల్ గోడౌన్‌కి వెళ్లడు," అన్నారు. "ఈ మెషిన్ దగ్గరే ఉంటాడు. ఎర్రబటన్ ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలి." ఆ మధ్యాహ్నం రాంపాల్ జీ దగ్గర్నుంచి నాకు రెండు గ్లాసుల మజ్జిగ వచ్చింది.

నా పర్మనెంటు మాత్రం మూడు నెలలు వెనక్కి జరిగింది. ఆ వారమే లాలాజీ దగ్గర్నుంచి ఆఫీసుకు ఉత్తరం వస్తే, మూర్తిగారు అందర్నీ పిలిచి పైకి చదివారు.

"మోటారు బాగుంది. ఎర్తింగ్ ఇంకా బాగుంది. వచ్చే నెల కొత్త షెడ్డు కడుతున్నాము. మోటార్లు బిగించడానికి ఎవరినైనా పంపండి. గోతులు తవ్వించడానికి మాత్రం ప్రసాద్ బాబునే పంపగలరు."

ఆఫీసు ఆఫీసంతా నవ్వుతుండగా, మాన్యువల్ మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. అట్ట నుంచి అట్ట దాకా చదవకుండా, ఈ జన్మలో ఇంకెన్నడూ భూమాతను అనుమానించను.