తాళం వేసిన గది

నిన్న ఒక డెయిరీ పక్కన స్కూటర్ ఆపానో లేదో, గేదెలకు కొట్టే పిడుదుల మందు వాసన గుప్పుమంది. ఆ ఘాటుకు నాకిప్పటికీ తలనొప్పి వస్తుంది, దాని వెంటే విమల మేడం గుర్తొస్తుంది. కరోనా రెండో ఏడు సూరత్‌లో ఆమె కింద పనిచేశాను. నన్ను అంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు.

పశువుల్ని పట్టే పిడుదు కుడితే మనుషులకు ఒక వైరస్ జ్వరం వస్తుంది. ముదిరితే చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది. కొందరికి వచ్చి పోయిన సంగతే తెలియదు, రక్తంలో గుర్తు మాత్రం మిగులుతుంది. ఆ గుర్తు ఎంతమందిలో ఉందో తేల్చడం మా పని. ఊరంతా కరోనాతో అల్లాడుతుంటే మేము పిడుదుల గురించి అడుగుతూ తిరిగేవాళ్ళం. జనం మొహం మీదే తలుపేసేవారు. ఏ ఇంటికి వెళ్ళాలో మేడం చీటీలు తీసి తేల్చేది. తాళం ఉంటే మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్ళాలి. పక్కింటాయన రక్తం ఇస్తానని తనే చెయ్యి చాపినా వద్దట! ఇదెక్కడి చాదస్తమని పళ్ళు నూరుకునేవాణ్ణి.

సూరత్‌లోనే నవాగామ్ అనే పేటలో ఒక గదికి రెండు రోజులు వరసగా వెళ్ళాను. రెండుసార్లూ తాళమే. అందులో ముగ్గురు తెలంగాణ మగ్గం కార్మికులు ఉంటారనీ, వాళ్ళలో మల్లేశం పొద్దున్నే తబేలాలో గేదెల పాలు పితికి, తర్వాత షిఫ్టుకు పోతాడనీ పక్కగది దర్జీ చెప్పాడు. ఎండ మాడ్చేస్తోంది, మాస్కులో ఊపిరాడటం లేదు. దర్జీ రక్తమే తీసుకుని, ఫారం మీద మల్లేశం గది నంబరు వేసేశాను.

మేడం ఫారం చూసి కళ్ళజోడు తీసింది. మగ్గం వాళ్ళ గదిలోకి దర్జీ ఎప్పుడొచ్చాడని అడిగింది. తాళం సంగతీ, మల్లేశం గేదెల పనీ చెప్పేశాను.

“పొద్దంత ఇంట్ల కూసునేటోని నెత్తురే తెస్తే, బర్రెలకాడికి పోయేటోళ్ళ సంగతి మనకెట్ల తెలుస్తది శీనూ? మనకు దొరకనోడే మనకు కావాల్సినోడు.”

ఆ ఫారం నా ముందే చింపేసింది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని తబేలాకు వెళ్ళింది. మల్లేశం మూడు రోజులుగా రావడం లేదన్నారు. అక్కణ్ణుంచి గదికి వెళ్తే మళ్ళీ అదే తాళం. చూశారుగా మేడం అన్నాను, కాస్త వెటకారంగానే. ఆమె తలుపుకు చెవి ఆనించి, పేరు పెట్టి పిలిచింది. లోపల ఏదో గ్లాసు దొర్లిన చప్పుడైంది.

దర్జీ ఫోన్ చేస్తే, మల్లేశంతో ఉండే రాజన్న మగ్గం ఆపి పరిగెత్తుకొచ్చాడు. తాళం వేసింది తామేనని ఒప్పుకున్నాడు.

“జరమని తెలిస్తే గది సీలు ఏస్తరు మేడం. ముగ్గురి పని పోతది. రెండ్రోజులల్ల తగ్గుతదనుకున్నం.”

మేడం ముందు తలుపు తియ్యమంది. మల్లేశం చాప మీద పడి ఉన్నాడు. పక్కనున్న తువ్వాలు నిండా రక్తపు మరకలు. ఆమె ఒక గ్లౌజు మీద ఇంకొకటి తొడుక్కుని లోపలికి వెళ్ళింది. ఆసుపత్రిలో అతన్ని కరోనా వార్డులోకి నెట్టబోతే, పశువుల పని చేసేవాడు, పిడుదుల జ్వరం కూడా చూడండని గుమ్మంలోనే నిలబడి రెండు గంటలు వాదించింది. చివరికి చూశారు. అదే జ్వరం.

మల్లేశం బతికాడు. నెల తర్వాత ఆ గదికే వెళ్ళి కలిశాను. టీ తెప్పించి, ఏ కోపమూ లేకుండా అన్నాడు.

“నువ్వు రెండుసార్లొచ్చినవ్ గదన్నా. నేను లోపటనే ఉన్న. పిలుద్దామంటే నోట్లెకెల్లి మాట రాలె.”



ఇప్పటికీ సర్వేలే చేస్తున్నాను. ఫారంలో తాళం అని రాసేముందు తలుపుకు చెవి ఆనించి, లోపలివాళ్ళను పేరు పెట్టి పిలుస్తాను, కాసేపు ఆగుతాను. వెంట వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి విసుక్కుంటారు. విసుక్కోనీ.