జ్ఞానాంబ ఒక్కపొద్దు

నగరిలో పవర్‌లూమ్ మగ్గాలు ఆడే ఇళ్ళలో అందరిదీ పెద్ద గొంతే. జ్ఞానాంబది మరీను. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేక మనసులోనే కుములుతోంది. నేల మీద కూర్చుంటే తిరిగి లేవలేకపోతోంది.

కూతురు మోహన కడుపుతో ఉంది. బిడ్డ పుడితే అమ్మమ్మే పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోయాలి. జ్ఞానాంబ మోకాళ్ళేమో మంచం దిగడానికే మొరాయిస్తున్నాయి. ఒళ్ళు తగ్గితే నొప్పీ తగ్గుతుందన్నాడు డాక్టరు.

"నీళ్ళు పోసేదానికి మనిషిని పెట్టుకుందాంలేమ్మా" అంది మోహన.

"నేను సచ్చినాక పెట్టుకో!"

మోహన రేణిగుంటలో సెల్‌ఫోన్ల కంపెనీలో పనిచేస్తుంది. అక్కడిచ్చిన ఇన్సూరెన్సులో అమ్మానాన్నల పేర్లూ ఉన్నాయి. ఆస్పత్రిలో పడితేనే ఇన్సూరెన్సు పలుకుతుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. బరువు తగ్గాలనుకునేవారికి డైటీషియన్ సలహా కూడా అందులోనే, ఉచితంగా ఉందని మోహన కనిపెట్టింది. అలా తిరుపతి నుంచి ఉదయలక్ష్మి అనే అమ్మాయి ఫోన్లో జ్ఞానాంబకు పరిచయమైంది. ఆ అమ్మాయి ఫోను వస్తే చాలు, జ్ఞానాంబ భర్త కుప్పుస్వామి మగ్గాలు ఆపేసేవాడు.

జ్ఞానాంబ ఆ అమ్మాయి చెప్పినట్టే విన్నది. అన్నం తగ్గించింది, కాఫీలో చక్కెర మానేసింది. అయినా బరువు కదల్లేదు.

"శనివారం ఏం తింటారమ్మా?" ఒక్కోరోజు తిండి లెక్కా అడుగుతూ వచ్చింది ఉదయలక్ష్మి.

"ఒక్కపొద్దు గదా తల్లీ. మధ్యాన్నం ఒక్కసారి అన్నం. ఇంకేమీ ముట్టను."

ఉదయలక్ష్మికి అంతు చిక్కలేదు. ఓ శనివారం సాయంత్రం వీడియో కాల్ చేసింది. జ్ఞానాంబ ఒళ్ళో పళ్ళెం ఉంది. అందులో నెయ్యి కారుతున్న పొంగలి, పక్కనే వడలు. పాపం పెళ్ళాం పస్తు ఉందని కుప్పుస్వామి కొట్టు నుంచి వేడివేడిగా తెచ్చిన వడలవి.

"అదేందమ్మా! ఏమీ ముట్టనన్నారే?"

"ఇది పలహారం తల్లీ. తిండెట్లయితాది?"

ఆవిడ అబద్ధమాడలేదు. పలహారం తిండి కిందికి రాదని మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏడుకొండలవాడూ ఒప్పుకున్న లెక్కే. తెలియనిదల్లా ఆ బరువు చూసే మిషనుకే.

ఉదయలక్ష్మి నవ్వు ఆపుకుని, "పోనీ కొన్నాళ్ళు ఒక్కపొద్దు మానేస్తారా?" అంది.

జ్ఞానాంబ పళ్ళెం కింద పెట్టేసింది. ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడింది.

"పోయినసారి మోహనకు కడుపు నిలవలేదమ్మా. ఈసారి బిడ్డ చేతికొచ్చేదాకా శనివారాలు ఉంటానని మొక్కుకున్నా. నా మోకాళ్ళు పోయినా పోనీ, అది మాత్రం మాననమ్మా."

అవతల ఉదయలక్ష్మి వెంటనే, "వద్దమ్మా, మానొద్దు. ఒక్కపొద్దు మీరు ఉంచుకోండి. ఆ పలహారం పళ్ళెం మాత్రం నాకిచ్చేయండి" అంది.

జ్ఞానాంబ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. మరుసటి శనివారం నుంచి రాత్రికి ఒక్క రాగి దోసె, గ్లాసుడు మజ్జిగ. కుప్పుస్వామి వడలు మాని జామకాయలు తెచ్చాడు. తెచ్చి ఊరుకోక, "సూడు, ఎంత బాగుండాయో" అంటూ తనూ ఆమె ముందే కూర్చుని తిన్నాడు. వడల మీద ఆశ ఇద్దరికీ చావలేదు, అది వేరే సంగతి.

డైటీషియన్ చెప్పిందని కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవడం నేర్చుకుంది జ్ఞానాంబ. తర్వాత స్టూలు, ఆ తర్వాత పీట. పీట మీది నుంచి మొదటిసారి లేచిననాడు గోడ పట్టుకుని ఏడ్చింది. నొప్పికి కాదు.

మోహనకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళాక ఓ పొద్దున ఉదయలక్ష్మి ఫోను చేసింది. మోహన స్పీకరు నొక్కి పెరట్లోకి పట్టుకెళ్ళింది.

"బరువు చూసుకున్నారా అమ్మా? ఎంతున్నారు?"

జ్ఞానాంబ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ళ మీద మనవరాలు నీళ్ళకు కెవ్వుమంటోంది.

"నా బరువు తర్వాత సూద్దాంలే తల్లీ. కాళ్ళ మీద మూడు కేజీలుండాది. దీన్ని మాత్రం తగ్గించమని చెప్పబాకు."