రెండో చెయ్యి

ఉప్పెన వచ్చిన రెండో వారంలో, పామర్రు దగ్గర ఒక హైస్కూల్లో పెట్టిన శిబిరానికి నన్ను వాలంటీరుగా పంపారు. సముద్రం పక్క ఊళ్లవాళ్లు తరగతి గదుల్లో, వరండాల్లో ఉంటున్నారు. నేను విజయవాడ గవర్నరుపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, వరిచేలు బస్సు కిటికీలోంచి చూడటమే. గొంతు పెద్దదని మైకు నా చేతికిచ్చారు. కలరా సూది వేయించుకోమని అందరికీ చెప్పడం నా పని.

రెండు రోజులు అరిచాను. ఎవరూ రాలేదు. సూది వేస్తే చెయ్యి వాస్తుంది, ఒక రోజు జ్వరం. పశువుల కళేబరాలు పూడ్చే పనికి పోతున్నామని, చెయ్యి లేవకపోతే ఎలాగని వాళ్లు చెబుతూనే ఉన్నారు. నేను వినిపించుకోలేదు.

మూడో రోజు ఒళ్లు మండి మైకులో అనేశాను: "సూది వేయించుకోనివాళ్ల పేరు బియ్యం లిస్టులోంచి కొట్టేస్తారు!"

అలాంటి రూలేమీ లేదు. సూదులేసే నర్సమ్మగారు తలెత్తారు.

"ఎవరు చెప్పారు బాబూ నీకు?"

"వస్తారో లేదో చూడండి సిస్టర్‌గారూ."

వచ్చారు. వరండా చివరిదాకా లైను. "మా ఊరి సినిమా మైకు రిక్షావోడు కూడా ఇంత అరవడయ్యా," అన్నాడో ముసలాయన. అందరూ నవ్వారు. గెలిచినట్టు నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఒకావిడ ఎడమ చేతికి సూది వేయించుకుని, పక్కకి జరక్కుండా కుడి చెయ్యి చాపింది. పాతికేళ్లుంటాయేమో.

"అయిపోయిందమ్మా, ఒకటే," అన్నారు నర్సమ్మగారు.

"ఇది మా ఆయనదండీ."

"ఆయన్నే రమ్మను."

"ఇంకా రాలేదండీ. నీళ్లొచ్చినప్పుడు తాడిచెట్టు పట్టుకున్నాడు, నేను చూశాను. వస్తాడు. ఈలోపు పేరు కొట్టేస్తారంట గదా." నా వైపు చూపించింది. "ఆ బాబే చెప్పాడు. బియ్యం వద్దులెండి. పేరుంచండి చాలు."

నర్సమ్మగారు ఆ చేతిని మెల్లగా దించి, నన్ను చూశారు. "చెప్పు బాబూ. మైకులోనే చెప్పు."

మైకు మళ్లీ అందుకున్నాను. "బియ్యానికీ సూదికీ సంబంధం లేదు. ఎవరి పేరూ కొట్టెయ్యరు. నేను అబద్ధం చెప్పాను."

లైను సగం విడిపోయింది. ముసలాయన మాత్రం కదల్లేదు. "ఇందాక బియ్యం కోసం నిలబడ్డా. ఇప్పుడు సూదికే నిలబడ్డాలే, అరవమాక."

మిగతావాళ్ల దగ్గరికి మైకు లేకుండా వెళ్లాను. ఎవరికి ఏ రోజు పని లేదో అడిగి, ఆ రోజు వేయించాం. వారం పట్టింది.

శిబిరం ఎత్తేసే రోజు ఆవిడ కుటుంబాలవారీ పేర్ల లిస్టు దగ్గరికొచ్చింది. చదువు రాదు. వాళ్లాయన పేరెక్కడుందో చూపించమంది. చూపించాను. పక్కన సూది వేశాక టిక్కు పెట్టే గడి ఖాళీగా ఉంది.

"ఇదేంటి బాబూ, ఇక్కడేం రాయలేదు?"

"ఆయనొచ్చాక రాస్తారండీ," అన్నాను.


అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.